బోర్డు తిప్పేశారు
వెయ్యి సర్కారు బడుల్లోకి సీబీఎస్‌ఈ వచ్చింది, మూడో ఏడాదికే వెళ్లిపోయింది. రెండుసార్లూ తల్లిదండ్రులకు కబురు అందింది, సంప్రదింపు మాత్రం జరగలేదు

పోర్ట్‌బ్లెయిర్‌ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు 2024 సెప్టెంబరు 13న కేంద్ర హోం మంత్రి అమిత్‌ షా ప్రకటించారు. ఆ ఊరి పేటల్లో ఒకటైన డైరీ ఫార్మ్‌లో బడికెళ్లే పిల్లలకు దాంతో మారింది చిరునామాలో ఒక మాట మాత్రమే. పదో తరగతిలో రాయబోయే పరీక్ష మారలేదు. అండమాన్‌ నికోబార్‌ దీవుల్లోని ప్రభుత్వ బడులు దశాబ్దాలుగా సీబీఎస్‌ఈ కిందే నడుస్తున్నాయి. తల్లిదండ్రులు చదివిందీ, పిల్లలు చదువుతున్నదీ అదే బోర్డు.

అదే నెలలో బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డున కథ తలకిందులుగా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్ల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉండగా, వెయ్యి ప్రభుత్వ బడుల్లో బోర్డు మారిపోయింది. అక్కడ పదో తరగతి చదువుతున్న 75 వేల మందికి పైగా పిల్లలు సీబీఎస్‌ఈ పరీక్షకు బదులు రాష్ట్ర బోర్డు పదో తరగతి పరీక్ష రాయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటికి బడులు తెరిచి మూడు నెలలు. పరీక్షలకు ఆరు నెలలు.

కబురు ఇళ్లకు చేరాక తల్లిదండ్రులు రెండుగా చీలారు. మా పిల్లలు గట్టెక్కుతారని ఊపిరి పీల్చుకున్న వాళ్లు కొందరు. ప్రైవేటు బడిలో వేలకు వేలు పోస్తే గానీ దొరకని చదువు ఉచితంగా దొరికిందనుకుంటే లాగేసుకున్నారని మండిపడ్డ వాళ్లు మరికొందరు. తమాషా ఏమిటంటే రెండు పక్షాల వాదనలోనూ పస ఉంది. ఒకే ఇంట్లో తల్లి ఒక పక్షం, తండ్రి ఇంకో పక్షం కావడానికి కావలసినంత పస.

వెయ్యి బడుల ముచ్చట

సీబీఎస్‌ఈ అనే నాలుగక్షరాలకు తెలుగునాట ఉన్న మోజు కొత్తది కాదు. మండల కేంద్రంలో రేకుల షెడ్డులో పెట్టిన ప్రైవేటు బడి కూడా కమాను మీద ఆ మాట రాయించుకోవాలని చూస్తుంది. అలాంటిది 2022-23లో అప్పటి వైఎస్‌ జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం వెయ్యి సర్కారు బడులకు ఆ గుర్తింపు తెచ్చింది. ఆదర్శ పాఠశాలలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, గురుకులాలు, కొన్ని జిల్లా పరిషత్‌ ఉన్నత పాఠశాలలు ఆ జాబితాలో చేరాయి. రాష్ట్రంలోని ప్రభుత్వ బడులు 44 వేలకు పైగా ఉంటే అందులో ఇవి వెయ్యి. ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు 2025 మార్చిలో తొలిసారి సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్ష రాయాలన్నది ప్రణాళిక.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. విద్యాశాఖ నారా లోకేశ్‌ చేతికి వచ్చింది. సీబీఎస్‌ఈ బడుల్లో పిల్లల స్థాయి ఎలా ఉందో చూడటానికి అధికారులు ఒక పరీక్ష పెట్టారు. మూడు వందలకు పైగా బడుల్లో ఒక్కరంటే ఒక్కరూ పాస్‌ కాలేదని ప్రభుత్వం చెప్పింది. ఉపాధ్యాయులకు శిక్షణ లేకుండా, పిల్లలను సిద్ధం చేయకుండా పరీక్ష విధానాన్ని నెత్తిన రుద్దారని, ఇలాగే వదిలేస్తే వేల మంది భవిష్యత్తు దెబ్బతింటుందని వాదించింది. పేద పిల్లలకు అందిన చదువును రాజకీయ కక్షతో తీసేశారన్నది అప్పటికి ప్రతిపక్షంలోకి వెళ్లిన వైఎస్సార్‌ కాంగ్రెస్‌ వాదన.

రెండు పార్టీల మాటలూ పక్కన పెట్టి ఆ లెక్కనే చూడండి. ఒక బడిలో తొమ్మిదేళ్లు చదివి పదికి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ పాస్‌ కాలేదంటే ఆ తప్పు రెండేళ్ల కిందట గోడ మీద మారిన బోర్డుది కాదు. చదివి అర్థం చేసుకుని జవాబు రాయమని అడిగే ప్రశ్నపత్రం ముందు పిల్లలు నిలవలేకపోయారు. ఆ ప్రశ్నపత్రాన్ని తీసేసినంత మాత్రాన వాళ్లకు చదవడం రాదు. అలాగని ఆరు నెలల్లో పరీక్షకు కూర్చోబోయే పిల్లను ఈ సత్యం నిరూపించడానికి బలిపెట్టమనడమూ న్యాయం కాదు. ఊపిరి పీల్చుకున్న తల్లిదండ్రుల బాధ అదే. వాళ్లు సీబీఎస్‌ఈకి వ్యతిరేకులు కారు. తమ పిల్ల మీద ప్రయోగానికి వ్యతిరేకులు.

ట్రిపుల్‌ ఐటీ లెక్క

ఈ చర్చలో పత్రికలు పెద్దగా పట్టించుకోని సంగతి మార్కులది. సర్కారు బడిలో బాగా చదివే పిల్లకు పదో తరగతి తర్వాత కనిపించే అతి పెద్ద తలుపు ట్రిపుల్‌ ఐటీ. రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద 2008లో మొదలైన ఈ సంస్థలు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు పేర్లతో నడుస్తున్నాయి. ఆరేళ్ల చదువు, హాస్టల్‌, చివర బీటెక్‌ పట్టా. కరోనా కాలంలో ప్రవేశ పరీక్ష పెట్టినా, మామూలుగా సీటు వచ్చేది పదో తరగతి మార్కుల మీదే. ప్రభుత్వ బడి పిల్లలకు వెనుకబాటు కింద నాలుగు శాతం కలుపుతారు కూడా.

కాబట్టి కూలీ ఇంటి పిల్లకు పదో తరగతి మార్కులంటే పాసా, ఫెయిలా అన్న ప్రశ్న ఒక్కటే కాదు. నూజివీడా, ఊళ్లోని ఇంటర్‌ కాలేజీయా అన్న ప్రశ్న. రాష్ట్ర బోర్డులో 600కు 570 తెచ్చుకోగల పిల్ల సీబీఎస్‌ఈలో ఎంత తెచ్చుకుంటుందో చెప్పగలిగిన వాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. ఆ బోర్డులో రాసిన పై తరగతి అక్కలు, అన్నలు ఉంటే కదా. మరో తిరకాసు హిందీ. రాష్ట్ర బోర్డులో అది రాసి తీరాల్సిన పేపరు. 20 మార్కులొస్తే పాస్‌. సీబీఎస్‌ఈలో మూడో భాషకు పదో తరగతిలో బోర్డు పరీక్షే తప్పనిసరి కాదు. రాష్ట్ర బోర్డులో భౌతిక, జీవ శాస్త్రాలకు వేర్వేరు పేపర్లు, అక్కడ సైన్సంతా ఒకటే. ఇంత తేడా ఉన్న రెండు దారుల మధ్య పిల్లలను ఏడాది మధ్యలో దాటించారు. సెప్టెంబరులో పుస్తకం సర్దుకున్నట్టు పిల్ల సర్దుకోలేదు.

ఇక మండిపడ్డ వాళ్ల లెక్క ఇంకోటి. వాళ్లలో చాలామందికి పై బిడ్డ ప్రైవేటులో, చిన్న బిడ్డ సర్కారు బడిలో. సీబీఎస్‌ఈ అన్నారని ధైర్యం చేసి రెండో బిడ్డను అక్కడ వేశారు. నీట్‌, జేఈఈ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచే వస్తాయని టౌన్లో కోచింగ్‌ సెంటర్లు ఊదరగొడుతుంటే, ఆ దారి తమకు ఉచితంగా తెరుచుకుందనుకున్నారు. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది. ఉపాధ్యాయులకు శిక్షణ లేకపోతే శిక్షణ ఇవ్వాలి, పిల్లలు వెనుకబడితే ముందుకు తేవాలి. రెండూ చేయకుండా బోర్డు పీకేయడం ఏ వైద్యం? పదో తరగతి వాళ్లను పాత దారిలో పంపి, కింది తరగతుల వాళ్లను కొత్త దారికి నెమ్మదిగా తయారు చేసే మూడో మార్గం ఉండేది. దాని మీద బడిలో సమావేశం పెట్టి ఉంటే తల్లిదండ్రులే చెప్పేవాళ్లు.

కమిటీ ఉంది, అధికారం లేదు

చట్టం ప్రకారం అలాంటి సమావేశానికి ఏర్పాటు ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే పని వాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కమిటీలకు 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికను తలపించేలా పోటీ పడ్డారు. మరుసటి నెలలోనే ఆ వెయ్యి బడుల బోర్డు మారింది. కొత్తగా గెలిచిన కమిటీలను ఎవరూ ఒక్క మాట అడగలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిపినప్పుడు ముగ్గులు, ఆటలు, భోజనాలు ఉన్నాయి. బోర్డు విషయం అప్పటికే ముగిసిన కథ.

అంతకు ముందు ప్రభుత్వం అడిగిందా అంటే, ఒకసారి అడిగింది. ఎప్పుడు అడిగిందన్నదే అసలు సంగతి. 2019 నవంబరులో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మాత్రమే ఉంటుందని జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌ చెబుతోంది. ప్రాథమిక స్థాయిలో ఏ భాషలో చదవాలన్నది పిల్లలు, తల్లిదండ్రుల ఇష్టమని, దాన్ని ప్రభుత్వం రుద్దకూడదని కర్ణాటక కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. దాంతో వలంటీర్లు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం కోరుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ అంకెను శంకించాల్సిన పనిలేదు. ఇంగ్లీషు మీద పేదల ఆశ నిజమైనదే, దాన్ని ఎగతాళి చేసే వాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు. కానీ జీవో ముందు, ఫారం తర్వాత రావడం మాత్రం పెళ్లయ్యాక పెళ్లిచూపుల్లాంటిది.

నడక దూరం

వెయ్యి బడుల సంగతి ఎంపికైన వాళ్ల గొడవ. ఎంపిక లేని మామూలు పల్లె బడులను కదిలించింది 2022 జూన్‌ నాటి జీవో 117. జాతీయ విద్యావిధానం చెప్పిన దశలను ఆధారం చేసుకుని బడులను ఆరు రకాలుగా విడదీశారు. ప్రాథమిక బడిలోని మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలో కలపాలన్నారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఒకే టీచరు అయిదు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి లాక్కొచ్చే బడుల్లో చదువు ఏపాటిదో తెలిసిన వాళ్లెవరూ కాదనరు.

అయితే కిలోమీటరు అన్నది మ్యాపు మీద ఒక గీత, ఎనిమిదేళ్ల పిల్లకు ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద లారీలుంటాయి, కాలువ గట్టుంటుంది, వానాకాలంలో వాగుంటుంది. 2022 జులైలో బడులు తెరిచినప్పుడు చాలా ఊళ్లలో తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని పాత బడి గేటు ముందు బైఠాయించారు. పెద్ద బడిలో ల్యాబులు లేవనో, లైబ్రరీ లేదనో కాదు వాళ్ల గొడవ. పొద్దున్నే కూలికి పోయే తల్లి పిల్లను ఎవరు దిగబెట్టాలన్నది. అన్నను ఒక బడిలో, చెల్లిని ఇంకో బడిలో ఎలా దించాలన్నది. ఆ ఏడాదే కొందరు ఇంటి ముందుకు పసుపుపచ్చ బస్సు వచ్చే ప్రైవేటు బడిని ఎంచుకున్నారు. సర్కారు బడిని బాగుచేయబోయి బడి పిల్లలనే పోగొట్టుకోవడం అంటే ఇదే.

2025 మేలో కొత్త ప్రభుత్వం జీవో 117ను రద్దు చేసింది. దాని స్థానంలో తొమ్మిది రకాల బడులు వచ్చాయి. తరగతికో టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెడుతున్నామన్నది ఈసారి చెప్పిన మాట. ఇదీ మంచి ఉద్దేశమే. తరగతికో టీచరు కావాలంటే పిల్లలను ఒకచోట చేర్చాలి కాబట్టి నడక దూరం ప్రశ్న వేరే దారిలో మళ్లీ అక్కడికే వస్తుంది.

అమెరికాలో అయస్కాంతం

నలుగురిలో కొందరికి మేలైన బడి, ఆ కొందరు ఎవరన్న తగువు మనదొక్కటే కాదు. అమెరికాలో ఇలాంటి వాటిని మాగ్నెట్‌ స్కూళ్లంటారు. నల్ల, తెల్ల పిల్లలను బలవంతంగా బస్సుల్లో అటూ ఇటూ తరలించకుండా, మంచి కోర్సు పెట్టి అయస్కాంతంలా అందరినీ ఒక బడికి లాగాలన్న ఆలోచనతో 1968లో టకోమా నగరంలో మొదలయ్యాయి. క్రమంగా కొన్ని పోటీ పరీక్ష బడులుగా మారాయి. తెలుగువాళ్లు గణనీయంగా స్థిరపడిన ఉత్తర వర్జీనియాలోని థామస్‌ జెఫర్సన్‌ హైస్కూల్‌ అలాంటిదే. 2020లో అక్కడి ఫెయిర్‌ఫాక్స్‌ కౌంటీ స్కూల్‌ బోర్డు ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్‌ స్కూల్‌కూ కొన్ని సీట్లు కేటాయించింది. కొత్త పద్ధతిలో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2022 ఫిబ్రవరిలో జిల్లా కోర్టులో గెలిచారు, 2023 మేలో అప్పీలు కోర్టులో ఓడారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు విచారణకే తీసుకోలేదు.

అక్కడి భారతీయ తల్లిదండ్రులు ఆ సంస్కరణను ప్రతిభకు అన్యాయమన్నారు. కోచింగ్‌కు డబ్బు లేని ఇళ్లలోనూ ప్రతిభ ఉంటుందన్నది బోర్డు పక్షం మాట. కోటా శ్రీచైతన్య నారాయణల గురించి తెలిసిన తెలుగువాడికి రెండో మాట అర్థం కాకపోదు, అయినా తన పిల్ల విషయానికొచ్చేసరికి మొదటి మాటే నోటికొస్తుంది. ఎవరు గెలిచారన్నది అలా ఉంచితే, స్కూల్‌ బోర్డు అక్కడ ఎన్నికైన సంస్థ. ఓటింగ్‌ బహిరంగంగా జరిగింది. బోర్డు సభ్యులు తమలో తాము పంపుకున్న సందేశాలు సైతం కోర్టు రికార్డుకెక్కాయి. మన దగ్గర జీవో వెనుక ఏ చర్చ జరిగిందో కమిటీ ఛైర్మన్‌గా గెలిచిన తల్లికి కూడా తెలియదు.

మనకు మాత్రం అయస్కాంతాలు లేవా? నల్గొండ జిల్లా సర్వేలులో 1971 నవంబరులో గురుకుల పాఠశాల పెట్టినప్పుడు పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పరీక్ష రాసి చేరిన పల్లె పిల్లలు అక్కడి నుంచి ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు అయ్యారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు వచ్చినా వాటి మౌలిక స్వరూపాన్ని ఎవరూ కదపలేదు. ఎంపిక కాని పిల్లలకు ఏం చేశారన్న ప్రశ్న అప్పుడూ మిగిలింది. కానీ చేరిన పిల్ల ఏ బడిలో చేరిందో ఆ బడిలోనే చదువు ముగించింది. ఆదర్శ పాఠశాలలకు ఆ అదృష్టం దక్కలేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అవి మొదలైన రెండేళ్లకే కేంద్రం నిధుల నుంచి తప్పుకుంది. భారం రాష్ట్రాల మీద పడింది. అవే బడులు మళ్లీ సీబీఎస్‌ఈ జాబితాలో చేరి, మళ్లీ బయటపడ్డాయి.

దీవుల సంగతికొస్తే అక్కడ స్థిరత్వం ఉచితంగా రాలేదు. అండమాన్‌కు శాసనసభ లేదు. ప్రభుత్వం పడిపోదు, అలాగే విద్యాశాఖను సభలో నిలదీసే ఎమ్మెల్యే కూడా ఉండడు. 2011 జనగణన ప్రకారం దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. హిందీ, బెంగాలీ, తమిళంతోపాటు తెలుగులోనూ అక్కడ చదువు చెప్పారు. డైరీ ఫార్మ్‌ లాంటి పేటలో తల్లిదండ్రులు తేల్చుకోవాల్సింది బోర్డు గురించి కాదు, బిడ్డను ఇంగ్లీషులో వేయాలా, తెలుగు ఒక సబ్జెక్టుగానైనా మిగులుతుందా అన్నది. తెలుగులోనే ఆంధ్రప్రదేశ్‌కు ఒక పేపరు, తెలంగాణకు ఒక పేపరు పెట్టిన సీబీఎస్‌ఈ జాబితాలో దీవుల తెలుగుకంటూ వేరే పేపరు లేదు.

ఆ ఎనిమిదో తరగతి పిల్లలు

ఇంతకీ 2022లో ఎనిమిదిలో ఉన్న ఆ పిల్లలు ఏమయ్యారు? వాళ్ల బడి జీవితాన్ని ఒకసారి వరుసగా చూస్తే కళ్లు తిరుగుతాయి. అయిదో తరగతిలో ఉండగా ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది. ఏడాది ముగియకుండానే కరోనాతో బడి మూతపడింది. ఆరో తరగతిలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు చేతికొచ్చాయి. ఎనిమిదిలో సీబీఎస్‌ఈ. అదే ఏడాది డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ముఖ్యమంత్రి ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రంలోని ఎనిమిదో తరగతి పిల్లలు నాలుగున్నర లక్షల మందికి పైగా అందుకున్న ఆ ట్యాబుల్లో ఉన్నవి బైజూస్‌ పాఠాలు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తొమ్మిదిలో ఉండగా టోఫెల్‌ అన్నారు, ఐబీ సిలబస్‌కు ఒప్పందం కుదిరిందన్నారు. పదిలోకి వచ్చాక రెండూ పోయాయి. తల్లుల ఖాతాలో డబ్బు పడే అమ్మ ఒడి పేరు కూడా వాళ్లు బడి దాటేసరికి తల్లికి వందనం అయింది.

2025 మార్చిలో ఆ 75 వేల మందీ మిగతా పిల్లలతో కలిసి రాష్ట్ర బోర్డు పరీక్ష రాశారు. ఏప్రిల్‌ 23న వచ్చిన ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 81.14 శాతం. పాసైన వాళ్లలో ఎక్కువ మంది ఇంటర్‌ మొదటి ఏడాదిలో చేరారు. 2025-26 నుంచి ఇంటర్‌ మొదటి ఏడాది సిలబస్‌ మారింది, పరీక్ష విధానం మారింది. ఈసారి వాళ్ల చేతికొచ్చినవి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు. డైరీ ఫార్మ్‌ పిల్లలు చిన్నప్పటి నుంచి చదువుతున్నవీ అవే.